మీ ఇష్టం సార్

నోరు లేని మనిషి కాదు కృష్ణకుమారి. ముందు ఆ సంగతి తేలిపోవాలి, లేకపోతే తర్వాత జరిగింది విని "పాపం, అమాయకురాలు" అని జాలిపడేవాళ్లు బయల్దేరతారు. ఆ జాలి ఆమెకు అస్సలు గిట్టదు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక నాలుగంతస్తుల చీరల దుకాణంలో పట్టుచీరల కౌంటర్ ఆమెది. దుకాణం పేరెందుకులెండి, చెబితే ఊరికే ప్రచారం చేసినట్టవుతుంది. పెళ్లికూతురి తల్లి ఒకటంటే, మేనత్త ఇంకోటంటుంది. వెంట వచ్చిన పక్కింటావిడ రెండూ బాగాలేవంటుంది. అందరి మధ్యా సంధి కుదిర్చి, అందరూ మెచ్చిన చీర పెట్టెలో పెట్టించి నవ్వుతూ సాగనంపేది కృష్ణకుమారి. ఆ కౌంటర్‌లో ఆమెను మాటల్లో మించినవాళ్లు లేరు.

అలాంటి మనిషి నలుగురి ముందు నిలబడమంటే మాత్రం నిలువునా నీరుగారిపోయేది. చిన్నప్పుడు చిట్యాల దగ్గర వాళ్ల ఊరి బడిలో ప్రతిజ్ఞ చెప్పించడానికి ముందుకు పిలిస్తే వాంతి చేసుకుంది. పెద్దయ్యాక బతుకమ్మ ఆడేటప్పుడు కూడా వెనక వరసలో పాడేదే తప్ప పాట అందుకునేది కాదు. కౌంటర్ దగ్గర ఆ భయం ఎందుకు లేదంటే, అక్కడ అందరి చూపూ చీర మీద ఉంటుంది. చీర చేతిలో ఉన్నంతసేపూ ఆమెకు ధైర్యం. చేతులు ఖాళీ అయి, చూపులన్నీ తన మొహం మీదికి తిరిగితే గొంతు మూసుకుపోయేది.

ఇప్పుడు స్టూళ్ల సంగతి. కౌంటర్ వెనక, కొనేవాళ్ల కంటపడకుండా, చిన్న చిన్న ప్లాస్టిక్ స్టూళ్లు ఉండేవి. పొద్దున షట్టర్ లేచినప్పటి నుంచి రాత్రి దించేదాకా నిలబడే ఆడవాళ్లకు ఆ స్టూలే దిక్కు. గిరాకీ పలచబడినప్పుడు కాసేపు కూలబడి, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే లేచేవాళ్లు. యజమాని బాపిరాజు గారు ఎక్కడో పెద్ద మాల్ చూసొచ్చి, అక్కడ స్టాఫ్ ఎవరూ కూర్చోరని, మన దగ్గర మాత్రం సంతలో కూర్చున్నట్టు కూర్చుంటున్నారని అన్నారట. స్టూళ్లు తీసేస్తారన్న మాట ఆ సాయంత్రమే అన్ని అంతస్తులకూ పాకింది.

ఆడవాళ్లంతా భోజనాల గదిలో గుసగుసలాడి ఒక నిర్ణయానికి వచ్చారు. శుక్రవారం పొద్దున మీటింగులో ఒకరు లేచి అడగాలి, మిగతావాళ్లు అవునవునని వంతపాడాలి. ఆ ఒక్కరు ఎవరన్న ప్రశ్నే రాలేదు. అందరూ కృష్ణకుమారి వైపే చూశారు.

"నాతోటి గాదు," అంది ఆమె. ఎవరూ నమ్మలేదు.

"నువ్వు కాకపోతే ఎవరక్కా? రాయి చేత కూడా చీర కొనిపిస్తావు నువ్వు," అంది ఉదయలక్ష్మి. తణుకు వైపు నుంచి వచ్చి కొత్తపేటలో ఉంటోంది. ఫ్యాన్సీ చీరల కౌంటర్‌లో చేస్తుంది. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే డబ్బాలో కలుపుకుని తిన్నవాళ్లు. ఉదయలక్ష్మికి కాళ్ల నరాలు ఉబ్బి, పిక్కల మీద నల్లగా మెలికలు తిరిగి ఉన్నాయి. ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టర్ చెప్పాడు. నిలబడకపోతే జీతమెవరిస్తారో మాత్రం చెప్పలేదు. స్టూలు పోతే ఆ దుకాణంలో ఆమె ఎక్కువ కాలం నెగ్గుకురాలేదు. ఆ సంగతి కృష్ణకుమారికి అందరికన్నా బాగా తెలుసు, అందుకే సరేనంది.

శుక్రవారం మీటింగ్ అంటే షట్టర్ లేవక ముందు కింది అంతస్తులో లక్ష్మీదేవి పటానికి హారతి, ఆ తర్వాత బాపిరాజు గారి ప్రసంగం. ఆయన అరిచే మనిషి కాదు. అరిస్తే కాస్త నయంగా ఉండేది, తిరిగి అరవాలని ఎవరికైనా అనిపించేది. మాటకు ముందొక అమ్మా, వెనకొక అమ్మా తగిలించి మెత్తగా మాట్లాడతారు. పక్కన నిలబడ్డవాళ్లకు వినబడ్డానికి కూడా చేతిలో వైరులేని మైకొకటి ఉండాల్సిందే.

కృష్ణకుమారి ఇంకా మనసులో వాక్యం కూడబలుక్కుంటూనే ఉంది. ఆయనే మొదలెట్టారు.

"ఏమ్మా కృష్ణకుమారీ, స్టూళ్ల గురించి ఏదో మాట్లాడాలనుకుంటున్నారంట కదా. రా అమ్మా, ముందుకొచ్చి చెప్పు."

ముందుకు వచ్చింది. మైకు చేతిలో పెట్టారు. ఇటు తిరిగేసరికి వరసల్లో తెలిసిన మొహాలే, కానీ అన్ని కళ్లూ తన మీదే. నాలుక పిడచకట్టుకుపోయింది. కూడబలుక్కున్న వాక్యం ఎటు పోయిందో పోయింది.

"మన షోరూమ్ స్థాయికి ఆ స్టూళ్లు బాగుంటాయా అమ్మా? తీసేద్దామా, ఉంచుదామా? సీనియర్‌వి, నువ్వే చెప్పు."

ఎలాగైనా ఆ కళ్ల ముందు నుంచి బయటపడాలి. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మీ ఇష్టం సార్."

మైకులో ఆ మాట నాలుగు మూలలా మోగింది.

"చూశారా, ఇదీ సంస్కారం," అన్నారు బాపిరాజు గారు, చప్పట్లు కొడుతూ. ఆయన కొడితే అందరూ కొట్టాలి కాబట్టి స్టూళ్లు పోగొట్టుకున్నవాళ్లు కూడా కొట్టారు. మధ్యాహ్నానికల్లా స్టూళ్లన్నీ ఒకదాంట్లో ఒకటి గుచ్చి పైఅంతస్తు గోడౌన్‌లో పడేశారు.

ఆ మాట ఎక్కడి నుంచి ఊడిపడిందని అడిగితే, ఆమె నోట్లోకి దుకాణమే ఎక్కించింది. కొత్తగా చేరిన రోజున ఫ్లోర్ మేనేజర్ సాంబమూర్తి కూర్చోబెట్టి మరీ నేర్పాడు. లేదు, కాదు, కుదరదు అనే మాటలు ఈ గడప లోపల వినబడకూడదు. అడిగిన రంగు లేకపోతే లేదనకూడదు, దగ్గర్లో ఇంకోటి ఉందనాలి. గుట్టలు గుట్టలుగా విప్పించి ఏమీ కొనకుండా లేచిపోతుంటే "మీ ఇష్టం అమ్మా, మళ్లీ రండి" అనాలి. దాంతోపాటే ఆమె మాటనూ సరిచేశాడు. ఏంది అనొద్దు, ఏంటి అను. గీ చీర కాదు, ఈ చీర. ఆమె నేర్చుకుంది, బాగానే నేర్చుకుంది. రోజంతా ఆ మాటలే అని అని, కాదనాల్సిన చోట కూడా నోరు అదే పలికే స్థితికి వచ్చింది. మనిషి నోట్లోంచి కాదనే మాటను లాగేసి, దానికి ట్రైనింగ్ అని పేరు పెట్టే దుకాణాలు ఆ రోడ్డు పొడవునా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం భోజనాల గదిలో ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఉదయలక్ష్మి తన డబ్బా తీసుకుని ఇంకో మూలకు పోయి నిలబడి తిన్నది. కృష్ణకుమారి దగ్గరికి పోతే తలెత్తకుండానే అంది.

"మాట్లాడలేనంటే మాట్లాడలేనని చెప్పొచ్చు కదక్కా. నోరు మూసుకుని నిలబడ్డా ఏమీ అనుకునేదాన్ని కాదు. వాళ్ల ఇష్టమని ఎలా అన్నావు? నా కాళ్లు వాళ్ల ఇష్టమా?"

ఆ ప్రశ్న బడంగ్‌పేట్‌లోని కిరాయింటి దాకా కృష్ణకుమారి వెంట వచ్చింది. బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు.

భర్త జానయ్య అబ్దుల్లాపూర్‌మెట్ వైపు సరుకుల బండి నడుపుతాడు. సంగతంతా విని నవ్వాపుకోలేకపోయాడు.

"నా మీద అంత ఒర్లుతవ్ గదనే. ఆయన ముందర ఏమైంది నీ నోటికి?"

"నువ్వు ఒక్కనివి. ఆడ అందరు చూస్తున్నరు."

"చూస్తే ఏమైతది?"

"నాకేం తెల్వది. కాళ్లు వణికినయ్, నోరు ఎండింది. ఎందుకని అడిగితే నేనేం చెప్పాలె?" అంటూ గిన్నె ఎత్తి సింకులో పడేసింది. కోపం జానయ్య మీద కాదు. బాపిరాజు గారి మీద, చప్పట్లు కొట్టినవాళ్ల మీద, అన్నిటికన్నా ఎక్కువ తన నోటి మీద. ఒళ్లంతా మంటగా ఉంది. ఆ మంట రోజులు గడిచినా తగ్గలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో నేర్పని విద్య లేదు. సాఫ్ట్‌వేర్, బ్యాంకు పరీక్షలు, పోలీసు ఉద్యోగాలు, అన్నిటికీ బోర్డులే. హాస్టల్ బోర్డుకూ కర్రీపాయింట్ బోర్డుకూ మధ్య ఒకటి ఆమె ఎన్నాళ్లుగానో చూస్తూనే ఉంది. స్టేజీ భయం పోగొడతాం, డెమో క్లాసు ఉచితం. వారానికో సెలవు ఆమెకు మంగళవారం. ఆ మంగళవారం మెట్లెక్కింది.

నేర్పేవాడి పేరు వంశీకృష్ణ. ఎండాకాలం పోయీపోని ఉక్కలో కోటు వేసుకున్నాడు. ఎదురుగా ఉన్నవాళ్లను మనుషులనుకోవద్దు, క్యాబేజీలనుకోండి, భయం పోతుందన్నాడు. కుర్రాళ్లు నవ్వారు. కృష్ణకుమారికి నవ్వు రాలేదు. క్యాబేజీలు ఎవరినీ పనిలోంచి తీసెయ్యవు. క్యాబేజీల ముందు మాట్లాడ్డానికి ఇంత దూరం రావాలా అనుకుంది. తర్వాత ఒక్కొక్కరినీ లేపి పేరూ ఊరూ చెప్పమన్నాడు. ఆమె వంతు వచ్చింది. "నా పేరు కృష్ణకుమారి. మాది చిట్యాల దిక్కు. గీడ చీరల దుకాణంల పనిచేస్తున్న," అంది.

"గుడ్ అటెంప్ట్ మేడమ్. కాకపోతే గీడ, దుకాణంల, ఇలాంటి స్లాంగ్ తగ్గించుకోవాలి. స్టేజీ మీద భాష బాగుండాలి కదా."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ బాగుండే భాష నాకూ వస్తుంది, ఆ భాషలోనే అన్నీ పోగొట్టుకున్నానని అనాలనిపించింది. అనలేకపోయింది. క్లాసు అయిపోయాక మెట్లు దిగుతూ ఆ మాటలన్నీ గోడకు చెప్పింది, పైకే చెప్పింది. ఎక్కుతున్న పిల్ల ఒకతె బెదిరిపోయి పక్కకు జరిగింది.

అయితే వంశీకృష్ణ చెప్పినవాటిలో ఒక్క ముక్క పనికొచ్చేది ఉంది. భయం పోయాక మాట్లాడదామని కూర్చుంటే ఎన్నటికీ మాట్లాడరు, రోజూ మాట్లాడండి, బాగా మాట్లాడినా చెడగొట్టినా మర్నాడు మళ్లీ మాట్లాడండి అన్నాడు. ఎవరిమీద ఎంత కోపం ఉన్నా, ఆ ముక్క మటుకు ఆమె దాచుకుంది.

అవకాశం కోసం ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. ఆషాఢం సేల్ మొదలైంది. ఆ నెలంతా ఆ రోడ్డు మీద ప్రతి చీరల దుకాణం ముందూ ఎవరో ఒకరు మైకు పట్టుకుని రండమ్మా రండి అని అరుస్తూనే ఉంటారు. వీళ్ల దగ్గర అరిచే అతను పక్క దుకాణంలోకి మారిపోయాడు. గడప బయట ఎండలో, వానలో నిలబడి రోడ్డున పోయేవాళ్ల చూపులు భరించే ఆ పని ఎవరికీ అక్కర్లేదు. సాంబమూర్తి అంతస్తులన్నీ తిరిగి అడిగి విసిగిపోయాడు.

"నేను చేస్తా సార్," అంది కృష్ణకుమారి.

సాంబమూర్తి ఆమెను ఎగాదిగా చూశాడు. "నీకు మైకంటే భయం కదమ్మా. మొన్న చూశాంగా."

"అందుకే సార్."

మొదటి రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు చెంపలు వేడెక్కుతాయి. "రండి" అని ఆగిపోయింది. మళ్లీ "రండి" అంది. ఎవరిని రమ్మంటున్నదో, ఎందుకు రమ్మంటున్నదో మాట బయటికి రాలేదు. చెరుకురసం బండివాడు బండి ఆపి మరీ చూశాడు. హాస్టల్ అబ్బాయిలిద్దరు ఫోను ఎత్తి వీడియో తీశారు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది, పట్టుమని పది వాక్యాలు కూడా చెప్పింది లేదు. రెండో రోజు కాస్త నయం. మూడో రోజు మళ్లీ మొదటికొచ్చింది. అయినా మర్నాడు పోయి ఆ గడప ముందే నిలబడింది. ఎందుకు నిలబడ్డదంటే, లోపల ఉదయలక్ష్మి గిరాకీ ఉన్నా లేకపోయినా గోడకు ఆనుకుని, ఒక కాలు మార్చి ఒక కాలు మోపుతూ నిలబడి ఉండటం అద్దాల్లోంచి కనబడుతూనే ఉంది.

మెల్లగా ఒక కిటుకు పట్టుబడింది. రోడ్డు మొత్తానికీ చెప్పకుండా, పోయే జనంలో ఒక్క మనిషిని ఎంచుకుని ఆమెకే చెప్పేది. ఆమె దాటిపోతే ఇంకొకామె. జనం అంటే భయంగానీ మనిషంటే ఆమెకు ఎప్పుడూ భయం లేదు. మెట్రో మెట్లు దిగేవాళ్లు, బోనాలకు పసుపు కుంకుమలు కొనడానికి వచ్చినవాళ్లు, గొడుగుల కింద ముడుచుకున్నవాళ్లు, ఎవరు తలెత్తి చూసినా చూపు తిప్పుకోకుండా మాట పూర్తిచెయ్యడం అలవాటైంది. కాలేజీ పిల్లలు కొందరు ఆమె యాసను వెక్కిరిస్తూ "గీ చీర ఎంత అక్కా" అని అరిస్తే, మైకులోనే, "లోపలికి రాండ్రి బిడ్డా, మీ అమ్మకు కొందురు. వెక్కిరిస్తే మీ అమ్మకు చీర రాదు," అంది. చెరుకురసం బండివాడు పడీపడీ నవ్వాడు. పిల్లలు తల దించుకుని జారుకున్నారు.

గిరాకీ పెరిగింది. బాపిరాజు గారు బయటికొచ్చి, "అమ్మా, బంగారం లాంటి గొంతమ్మా నీది," అన్నారు. ఆమె నవ్వలేదు. పగలంతా మైకులో మోగుతున్నది తన గొంతే, మాట మాత్రం ఆయనది. ఆ లెక్కన ఈ అరుపంతా మళ్లీ మీ ఇష్టం అనడమే. నలుగురిలో గొంతు పెగలడం ఒక ఎత్తు, ఆ గొంతుతో కాదు అనడం ఇంకో ఎత్తు. అది వేరే సాధన చెయ్యాలి.

దాన్ని ఇంట్లోంచి మొదలుపెట్టింది. రోజుకొకరికైనా వద్దు, కుదరదు అనాలని నియమం పెట్టుకుంది. మొదట దొరికింది జానయ్య.

"టీ పెట్టవే."

"పెట్టను."

"ఏంది, తబియత్ మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న. పెట్టను అంటున్న."

జానయ్య తనే లేచి పెట్టుకున్నాడు. ఆమెకూ ఒక గ్లాసు పోశాడు. తర్వాత ఇంటి ఓనరమ్మ వచ్చి తమ ఇంట్లో పెళ్లికి సాయం పట్టమంటే, సెలవు రోజు తనకు పనుందని చెప్పింది. చెప్పినంత మాత్రాన ఇల్లేమీ కూలిపోలేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటో ఎక్కితే డ్రైవరు ఇంకొకరిని ఇరికించబోతుంటే, "వద్దు, జాగ లేదు," అంది. ముక్తసరిగా, తగ్గకుండా, క్షమాపణ లేకుండా అనడం ఎంత కష్టమో అలవాటు లేనివాళ్లకే తెలుస్తుంది. ప్రతిసారీ నోరు ముందు మీ ఇష్టం వైపే పోయేది. పట్టి వెనక్కి లాగాల్సి వచ్చేది. లాగుతూ లాగుతూ కొన్నాళ్లకు నోరే దారికొచ్చింది.

సేల్ ముగిసేముందు రోజు సాయంత్రం ఉదయలక్ష్మి నిలబడలేక, కట్టలు విప్పని చీరల మూట మీద కూర్చుంది. అది కెమెరాలో బాపిరాజు గారికి కనబడింది. సాంబమూర్తి వచ్చి, రేపు మీటింగయ్యాక ఆఫీసు గదిలో కలవమన్నారని చెప్పిపోయాడు. ఆఫీసు గదిలో కలవమంటే ఏమిటో ఆ దుకాణంలో తెలియనివాళ్లు లేరు. ఉదయలక్ష్మి ఏడవలేదు. తన కౌంటర్‌లోని చీరలన్నీ మడతలు సరిచేసి పేర్చింది.

మర్నాడు హారతి అయింది. మిఠాయి డబ్బాలు బల్ల మీద పేర్చి ఉన్నాయి. బాపిరాజు గారు మైకందుకున్నారు.

"ఈసారి ఆషాఢం ఇంత బాగా జరిగిందంటే ఒక గొంతు వల్ల. రా అమ్మా కృష్ణకుమారీ. ఒకప్పుడు మైకంటే వణికిపోయేది. ఇప్పుడు చూడండి. మన సంస్థ గురించి రెండు మంచి మాటలు చెప్పమ్మా."

భయం పోయిందనుకుంటే పొరపాటు. మైకు అందుకోగానే మోకాళ్లు మళ్లీ వణికాయి, నోరు మళ్లీ ఎండింది. కానీ వణుకుతూ కూడా మాట్లాడొచ్చని ఆ నెలంతా రోడ్డు మీద నేర్చుకుంది. వరసలో ఉదయలక్ష్మి ఒక్కదాన్ని ఎంచుకుని, ఆమెనే చూస్తూ మొదలుపెట్టింది. సాంబమూర్తి నేర్పిన భాషలో కాదు.

"సార్, మొన్న గీడనే మీరు అడిగితే నేను మీ ఇష్టం అన్న. గది నా మాట గాదు. మీరు నేర్పిన మాట. ఇయ్యాల నా మాట చెప్తున్న. మాకు స్టూళ్లు కావాలె. గిరాకీ ఉంటే నిలబడతం. లేకపోతే కూసుంటం. నిన్న ఉదయలక్ష్మి మూట మీద కూసున్నదని కెమెరాల చూసిన్రు. ఆమె కాళ్లు చూసిన్రా? మీ కెమెరాల గవి కనబడయి సార్. ఆమెను పనిల నుంచి తీసుడు కుదరదు."

కుదరదు అన్న మాట ఆ గడప లోపల, అదీ మైకులో, మొదటిసారి మోగింది. బాపిరాజు గారి నవ్వు మొహం మీద అలాగే ఉంది, కళ్లు మాత్రం మారాయి.

"అమ్మా, ఇది నీ ఒక్కదాని బాధలా ఉంది. మిగతావాళ్లంతా హాయిగానే ఉన్నారు. ఏమ్మా, ఇంకెవరికైనా ఇబ్బందుందా?"

వరసలన్నీ నేల చూశాయి.

"చూశావా?" అన్నారాయన మెత్తగా.

కృష్ణకుమారికి ముందు వాళ్ల మీదే మండింది. నన్నొక్కదాన్ని ముందుకు తోసి మళ్లీ మూగనోమా అని తిట్టబోయింది. తీరా చూస్తే వాళ్ల మొహాలు అచ్చం మొన్నటి తన మొహంలా ఉన్నాయి. గుటకలు మింగుతున్నారు. కొంగు కొసలు చేతుల్లో నలిగిపోతున్నాయి. వాళ్లకు ఇబ్బంది లేక కాదు, నోరు పెగలక. ఆ భయం ఎంత చెడ్డదో ఆమెకు తెలుసు, అందుకే కోపం వాళ్ల మీద నిలవలేదు. ఆ భయాన్ని తన లాభానికి వాడుకుంటున్న మనిషి వైపు తిరిగింది.

"చాలమ్మా, మైకు ఇటివ్వు. షట్టర్ తియ్యాలి," అని ఆయన చెయ్యి చాపారు.

"ఇయ్య సార్. మాట్లాడెటోళ్లు ఇంకా ఉన్నరు."

తిన్నగా వరస దగ్గరికి నడిచి ఉదయలక్ష్మి నోటి ముందు మైకు పెట్టింది. "ఒక్క మాట చెప్పు ఉదయా. నన్ను చూస్కుంట చెప్పు. ఇంకెవర్ని చూడకు."

ఉదయలక్ష్మి పెదాలు కదిలాయి. మైకులో ముందు ఊపిరి వినబడింది.

"నా కాళ్లు... రాత్రిళ్లు మంటెత్తిపోతున్నాయండి. కూర్చోకపోతే నేను చెయ్యలేనండి."

పక్కనే ఉన్న తేజస్విని మైకు తనంతట తనే లాక్కుంది. "నాకు నడుం పోతోంది సార్," అని గబుక్కున అనేసి, కాలుతున్న గిన్నె అప్పగించినట్టు పక్కామెకు ఇచ్చేసింది. మైకు అలా చేతులు మారుతూ పోయింది. కొందరు గొణిగారు, కొందరి మాట సగంలో తెగింది. ఒకామె ఏమీ అనలేక మైకు పట్టుకుని తల మాత్రం ఊపింది. ఊడ్చే ఈరమ్మ దగ్గరికి రాగానే, "నాకు గిది ఒద్దు బిడ్డా," అని పక్కకు నెట్టి, ఉత్త గొంతుతోనే దుకాణం దద్దరిల్లేలా, "కూసుంటే మీ సొమ్మేం పోతది సార్?" అంది.

వరస చివర సాంబమూర్తి ఉన్నాడు. మైకు ఆయన చేతిలోకి ఎలా వచ్చిందో ఆయనకే తెలియనట్టు చూశాడు. బాపిరాజు గారు ఊపిరి పీల్చుకున్నారు.

"మీరైనా చెప్పండి సాంబమూర్తి గారూ, వీళ్లకి."

సాంబమూర్తి గొంతు సవరించుకున్నాడు. అన్నేళ్లుగా అంతస్తులన్నీ తిరిగి అందరినీ లేపి నిలబెట్టిన మనిషి. మైకులో ఆయన గొంతూ వణికింది.

"అయ్యా, వీళ్లకైతే ఇన్నాళ్లూ స్టూళ్లుండేవి. నాకు ఎప్పుడూ లేదు. మోకాళ్లు అరిగిపోయాయండి. నాక్కూడా ఒకటి కావాలి."

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఏడుపు ఆపుకున్నారు. బయట ఎవరో కొనడానికి వచ్చి షట్టర్ తడుతున్నారు. బాపిరాజు గారు గడియారం చూసుకున్నారు, షట్టర్ వైపు చూశారు, సాంబమూర్తి వైపు చూశారు. ఎప్పుడూ తప్పించుకోవడానికి వాడే మాట ఒకటి ఆయన దగ్గరా ఉంది.

"సరేనమ్మా, చూద్దాం."

"మీరు చూస్తుండుండ్రి సార్," అంది కృష్ణకుమారి. "మేం పోయి తెచ్చుకుంటం."

అని మెట్ల వైపు నడిచింది. వెనక ఎవరైనా వస్తున్నారో లేదో ఆమె తిరిగి చూడలేదు. గోడౌన్ తాళాలు గలగలలాడించుకుంటూ సాంబమూర్తి ఆమెకన్నా ముందు పైకెక్కుతున్నాడు.